రోబో వాక్యూమ్‌ను వెల్లకిలా తిప్పి చూస్తే: శుభ్రత, సంరక్షణకు సమగ్ర మార్గదర్శి

కిందటి శ్రావణ మాసంలో ఒక ఉదయం తనంతట తానే ఇల్లు ఊడ్చే మా రోబో వాక్యూమ్ తన చార్జింగు పీట (డాక్) దిగి రెండడుగులు ముందుకొచ్చి, అక్కడే గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఐదారు చుట్లయ్యాక చక్రంలో ఏదో ఇరుక్కుందని చెప్పి ఆగిపోయింది. పైపైన చూస్తే ఏమీ కనిపించలేదు. మరమ్మతు దుకాణానికి తీసుకెళితే చక్రం మోటారు పోయిందన్నారు. వాళ్ళు చెప్పిన ఖర్చు కొత్త యంత్రం ధరలో మూడో వంతు. మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నాను. తాబేలును తిప్పినట్టు వెల్లకిలా తిప్పి, టార్చి వేసి, ఎడమ చక్రానికీ దాని గూటికీ నడుమ సందులో పట్టకారు పెట్టి లాగితే ఒక కొస దొరికింది. లాగుతూ పోతే జానెడు, ఆపైన మూరెడు వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి తెచ్చిన పూలదండలోని అరటినార! దానికి చిక్కుకుని బోలెడు జుట్టు. పది నిమిషాల్లో చక్రం మళ్ళీ వేలికి తిరిగింది. పోయిందన్న ఆ మోటారు ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ యంత్రాలు చెడిపోవడం తక్కువ, పూడుకుపోవడం ఎక్కువ. అమెరికాలో ఐరోబోట్ సంస్థ 2002లో రూంబా అనే రోబో వాక్యూమ్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు దాని ముందున్నది తివాచీలు పరిచిన ఇల్లు. మన ఇంట్లో ఉండేవి టైల్సు, గడప దగ్గర ముగ్గుపిండి, నూనె రాసిన పొడవాటి జుట్టు, పూలదండల నార, బోరు నీళ్ళు. పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలో ఇవేవీ ఉండవు. అందుకే ఈ వివరమంతా.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పాత టూత్ బ్రష్, చిన్న కత్తెర, కనుబొమలకు వాడే పట్టకారు, ఉతికిన బనియను గుడ్డ, ప్లస్ స్క్రూడ్రైవరు, టార్చి. యంత్రంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ కత్తి-బ్రష్ ఉంటే సరే, లేకపోయినా పని ఆగదు. పాత వార్తాపత్రిక పరిచి దాని మీద మడతపెట్టిన దుప్పటి వేయండి. యంత్రం నడినెత్తిన గుండ్రటి బుడిపె ఉంటే అందులో గదిని కొలిచే లేజర్ తిరుగుతూ ఉంటుంది. గట్టి నేల మీద తలకిందులుగా పెడితే బరువంతా దాని మీదే పడుతుంది.

తిప్పే ముందు డాక్ నుంచి తీసి, స్విచ్ కట్టేయండి. నీళ్ళ ట్యాంకు ఉంటే ఊడదీసి పక్కన పెట్టండి. ఇది మరిచిపోయి తిప్పితే నీళ్ళు నేరుగా లోపలి సర్క్యూట్ల మీదికి పోతాయి.

ధూళి పెట్టె: ఊడ్చిన ప్రతిసారీ

నిండేదాకా ఆగకండి. పెట్టె సగం దాటిన దగ్గర నుంచి గాలికి దారి తగ్గుతుంది. మన ఇళ్ళలో ఇంకో కారణం కూడా ఉంది: చీమలు. బిస్కట్ పొడో, కొబ్బరి కోరో లోపల రెండు రోజులుంటే డాక్ దాకా బారులు కడతాయి. పెట్టెను చెత్తబుట్ట లోపలికంటా దించి నెమ్మదిగా ఒంపండి. పైనుంచి దులిపితే తీసిన దుమ్మంతా మళ్ళీ గదిలోకే వస్తుంది.

వారానికోసారి పెట్టెను కడగవచ్చు, మోటారు పెట్టెకే అతికించి ఉన్న రకం కాకపోతే. అడుగున లోహపు బిందువులో, తీగలో కనిపిస్తే నీళ్ళు తగలనివ్వకండి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. కడిగిన పెట్టె లోపలి మూలలు పూర్తిగా ఆరాలి. తడి మూలలో ధూళి పడితే మట్టిముద్దవుతుంది, మర్నాటికి ముక్కవాసన మొదలవుతుంది.

ఫిల్టర్: ముగ్గుపిండి చేరే చోటు

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. యంత్రం తిరుగుతోంది, చప్పుడు చేస్తోంది, కానీ వెనక ఇసుక రవ్వలు అలాగే మిగులుతున్నాయి. అందరూ బ్రష్‌ను అనుమానిస్తారు. ముందు ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మడతల నడుమ తెల్లగా, సున్నం పూసినట్టు ఉంటే దోషం దానిదే. ముగ్గుపిండి, టాల్కం పౌడరు, గోడ గీకితే రాలే పుట్టీ పొడి, ఈ మూడూ మామూలు ధూళి కంటే చాలా సన్నం. మడతల్లోకి దూరి, ఒకదాని మీద ఒకటి పేరుకుని గాలిని పూర్తిగా ఆపేస్తాయి. గాలి ఆడకపోతే మోటారు వేడెక్కుతుంది.

వారానికోసారి ఫిల్టర్‌ను బయటకు తీసి, చెత్తబుట్ట అంచుకు దాని ప్లాస్టిక్ చట్రాన్ని మెల్లగా తట్టండి. మడతలను తట్టకూడదు. తరవాత మెత్తటి బ్రష్‌తో మడతల వెంట, ఒకే దిశలో దులపండి. అడ్డంగా రుద్దితే కాగితం పీచు లేస్తుంది.

కడగవచ్చా అన్నది ఫిల్టర్‌ను బట్టి ఉంటుంది. కడగదగినదైతే చట్రం మీద కుళాయి బొమ్మో, పుస్తకంలో ఒక మాటో ఉంటుంది. ఏమీ లేకపోతే కడగకండి. కడిగేటప్పుడు చల్లటి నీళ్ళు సన్నటి ధారగా, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు పారనివ్వండి. సబ్బు వద్దు, వేడినీళ్ళు వద్దు, వేళ్ళతో నొక్కడం అసలే వద్దు. ఆ తరవాత నీడలో, గాలి తగిలే చోట కనీసం 24 గంటలు ఆరాలి. వానాకాలంలో నేను రెండు రోజులు ఉంచుతాను. ఎర్రటి ఎండలో పెడితే చట్రం వంకరపోతుంది, హెయిర్ డ్రయ్యర్ వేడికీ అంతే. పైన చేతికి పొడిగా తగిలినా మడతల అడుగున తేమ ఉండవచ్చు. ఆ తేమతో పెట్టి నడిపితే ఫిల్టర్ బూజు పడుతుంది, ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన వస్తుంది. అందుకే రెండు ఫిల్టర్లు కొనుక్కుని ఒకటి ఆరుతుండగా రెండోది వాడుకోవడం మేలు. ఈ యంత్రం మీద నేను పెట్టిన అదనపు ఖర్చుల్లో దండగ కానిది ఇదొక్కటే.

ఎన్నిసార్లు కడిగినా ఫిల్టర్ శాశ్వతం కాదు. షావొమీ, రోబోరాక్ వంటి యంత్రాల యాప్‌లో ఒక్కో భాగానికి గంటల లెక్క ఉంటుంది: ఫిల్టర్‌కు 150, పక్క బ్రష్‌కు 200, ప్రధాన బ్రష్‌కు 300, సెన్సర్లను తుడవడానికి 30. రోజుకు గంట నడిపే ఇంట్లో ఫిల్టర్ ఐదు నెలలకు మార్చాలన్నమాట. రోజూ గడప దగ్గర ముగ్గు వేసే ఇంట్లో అంతకంటే ముందే మార్చాల్సి రావచ్చు. ఇది గోడ గడియారం లెక్క లాంటిదే, లోపల ఏముందో యాప్‌కు కనిపించదు. చూడాల్సింది మన కళ్ళతోనే.

ప్రధాన బ్రష్: జుట్టు దాక్కునే చోట్లు

మా ఇంట్లో ఇద్దరికి నడుము దాటిన జుట్టు. కొబ్బరినూనె రాసిన జుట్టు మామూలు జుట్టులా వదులుగా చుట్టుకోదు, ధూళిని కలుపుకుని తాడులా బిగుసుకుంటుంది. అందుకే మేము వారానికి రెండుసార్లు ఈ పని చేస్తాం. పొట్టి జుట్టు వాళ్ళే ఉన్న ఇంట్లో పదిహేను రోజులకోసారి సరిపోతుంది.

1. యంత్రం నడుమ ఉన్న కమ్మీల మూతకు రెండు పక్కలా నొక్కుడు బిళ్ళలుంటాయి. వాటిని నొక్కి మూత తీసి, బ్రష్‌ను పైకి ఎత్తండి. ఏ కొస ఎటువైపు ఉందో ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. సాధారణంగా ఒక కొస చదరంగా, రెండోది గుండ్రంగా ఉంటుంది.

2. జుట్టును చేత్తో లాగకండి. కుచ్చు బ్రష్ అయితే కుచ్చులు ఊడతాయి, రబ్బరు బ్రష్ అయితే రెక్కలు చిరుగుతాయి. కత్తెర మొనను బ్రష్ పొడవునా, కుచ్చుల వరసకు సమాంతరంగా ఉన్న గాడిలో పోనిచ్చి జుట్టును తెంపండి. తెగిన జుట్టు పొరలుగా ఊడి వస్తుంది.

3. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. రెండు కొసల్లో ఉన్న బిళ్ళలను, అంటే బేరింగ్ మూతలను, లాగి తీయండి. కొన్నింటిలో ఒక వైపుదే వస్తుంది. దాని కింద, ఇరుసు చుట్టూ, ఉంగరంలా బిగుసుకున్న నల్లటి జుట్టు కనిపిస్తుంది. బ్రష్ పైకి అద్దంలా మెరుస్తున్నా ఈ ఉంగరం అలాగే ఉంటుంది. చాలామంది ఏళ్ళ తరబడి ఇది తీయరు. ఇరుసు రాపిడికి వేడెక్కి, ప్లాస్టిక్ బిళ్ళ కరిగి గుంత పడుతుంది. ఆపైన బ్రష్ కటకటలాడడం, యంత్రం బ్రష్ ఇరుక్కుందని చెప్పి ఆగిపోవడం మొదలవుతాయి. పట్టకారుతో ఉంగరం కొసను పట్టి, చుట్టుకున్న దిశకు ఎదురుగా విప్పండి.

4. బ్రష్ కూర్చునే గాడిలోకి, ధూళి పీల్చుకునే నోట్లోకి టార్చి వేసి చూడండి. మా యంత్రం నోట్లో ఒకసారి రవికె హుక్కు అడ్డం పడి, దాని వెనక జుట్టంతా ఆనకట్టలా చేరింది.

5. బ్రష్‌ను ఫొటో ప్రకారం తిరిగి పెట్టి, వేలితో ఒక చుట్టు తిప్పండి. సాఫీగా తిరిగాకే మూత బిగించండి. మూత రెండు వైపులా టిక్కుమనాలి.

బేరింగ్‌లో నూనె వేద్దామనిపిస్తుంది. వద్దు. నూనె ధూళిని పట్టి ఉంచుతుంది, వారంలోపే అక్కడ మడ్డి తయారవుతుంది.

పక్క బ్రష్, చక్రాలు

మూలల్లోని చెత్తను లోపలికి తోసే చిన్న బ్రష్ ఒక స్క్రూతో గాని, ఊరికే నొక్కుడుతో గాని ఉంటుంది. నెలకోసారి తీసి, దాని కిందున్న ఇరుసు నుంచి జుట్టు ఊడదీయండి. బ్రష్ చేతులు వంకరపోయి ఉంటే గోరువెచ్చ కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉన్న నీళ్ళలో అర నిమిషం ముంచి, వేళ్ళతో సరిచేసి ఆరనివ్వండి. చాలావరకు నిటారవుతాయి. మరుగుతున్న నీళ్ళలో మాత్రం వేయకండి.

ముందున్న చిన్న చక్రం చాలా యంత్రాల్లో లాగితే ఊడి వస్తుంది. గట్టిగా ఉంటే స్క్రూడ్రైవరు మొనను గుడ్డలో చుట్టి మెల్లగా పైకి ఎత్తండి. చక్రాన్ని ఇరుసు నుంచి కూడా విడదీసి, మధ్యనున్న జుట్టు తీసి తుడవండి. ఇది తిరగకుండా ఈడ్చుకుపోతే మార్బుల్ మీద, చెక్క నేల మీద సన్నటి గీతలు పడతాయి. గీతలు చూసి నేల నాణ్యతను తిట్టుకునేవాళ్ళను నేనెరుగుదును.

పెద్ద చక్రాలు రెండూ స్ప్రింగుల మీద ఉంటాయి. నొక్కి వదిలితే పైకి లేవాలి. రెండింటినీ వేలితో తిప్పి పోల్చండి. ఒకటి తేలిగ్గా, మరొకటి బరువుగా తిరిగితే బరువైన దాంట్లో నారో, దారమో ఉందని అర్థం. యంత్రం గుండ్రంగా తిరగడానికి తరచుగా ఇదే కారణం.

కళ్ళు, మూతి: సెన్సర్లు, బంపరు

అడుగున అంచు వెంట నాలుగో, ఆరో చిన్న నల్లటి కిటికీలుంటాయి. మెట్టు అంచు వచ్చిందో లేదో యంత్రానికి చెప్పేవి అవే. పరారుణ కాంతిని నేల మీదికి పంపి, తిరిగి వస్తుందా లేదా చూస్తాయి. కిటికీల మీద ధూళి పేరుకుంటే చదును నేల మీద కూడా గొయ్యి ఉందనుకుని వెనక్కి వెనక్కి జరుగుతుంది. నల్లటి గ్రానైటు, ముదురు రంగు తివాచీ కాంతిని మింగేస్తాయి కాబట్టి వాటి మీదా కొన్ని యంత్రాలు అలాగే జంకుతాయి. అప్పుడు సెన్సర్ల మీద టేపు అంటించమనే సలహా మీ చెవిన పడవచ్చు. ఇంట్లో మెట్లుంటే ఆ మాట వినకండి, మెట్ల మీద నుంచి దొర్లిపడితే బాగుచేయడం కష్టం.

తుడవడానికి పొడి, మెత్తటి గుడ్డ చాలు. గాజు తుడిచే ద్రవం సెన్సర్ మీద చల్లకూడదు. నడినెత్తి లేజర్ బుడిపె సందులోనూ ధూళి చేరుతుంది, మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదకండి, ధూళి కంటే ఉమ్మి తుంపర్లు ఎక్కువ చేటు.

ముందు సగాన్ని చుట్టి ఉండే బంపరును ఎడమ, కుడి, నడుమ, మూడు చోట్లా నొక్కి వదలండి. ప్రతిచోటా టక్కున బయటికి రావాలి. మా ఇంట్లో ఒక కందిపప్పు బద్ద ఆ సందులో ఇరుక్కుని, యంత్రం లేని గోడను గుద్దుతున్నట్టు నడిహాల్లో తడబడుతూ తిరిగింది. పలచటి కార్డును సందులో జరిపితే బద్ద రాలింది.

తడి గుడ్డ, ట్యాంకు, బోరు నీళ్ళు

తుడిచే సౌకర్యం ఉన్న యంత్రాల్లో ట్యాంకు నుంచి నీళ్ళు సన్నటి రంధ్రాల్లోంచి గుడ్డకు చేరతాయి. బోరు నీళ్ళలోని ఉప్పులు ఎండినప్పుడు బకెట్ అంచున తెల్లటి పొర కడతాయి కదా, అదే పొర ఈ రంధ్రాల్లోనూ కడుతుంది. ఫలితంగా ట్యాంకు నిండుగా ఉన్నా గుడ్డ పొడిగా ఉంటుంది. చిన్న ట్యాంకులో పట్టేవి ఒకటి రెండు గ్లాసులే కాబట్టి వంటింటి ఫిల్టర్ నీళ్ళు పోయడం నష్టమేమీ కాదు. అయితే ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ళు పోయకండి. బకెట్‌తో ఇల్లు తుడవడానికి పనికొస్తాయి గాని, బోరు నీళ్ళ కంటే వాటిలో ఉప్పు ఎక్కువ.

ఫినాయిల్, డెట్టాల్, వంటసోడా, ఏవీ ట్యాంకులో కలపకండి, తయారీదారు పేరు పెట్టి అనుమతించిన ద్రవం తప్ప. రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, నురగ పంపును ఆపుతుంది. ఫినాయిల్ వాసన లేకపోతే ఇల్లు తుడిచినట్టే ఉండదని మా అత్తయ్య పట్టుబడతారు. అందుకు ఆదివారాలు బకెట్, మాప్ కర్ర ఆవిడకే వదిలేశాం.

పని అయిన వెంటనే గుడ్డ ఊడదీసి ఉతకాలి, ట్యాంకులో మిగిలినవి పారబోయాలి. గుడ్డకు బట్టలు మెత్తబరిచే ద్రవం వాడితే నీళ్ళు పీల్చడం తగ్గుతుంది. పసుపు మరకలు పోవు, వాటితో పోరు పెట్టుకోకండి.

గుడ్డను తనే ఉతుక్కునే డాక్ ఉన్నవాళ్ళకు తేలిక అనుకుంటాం గాని, ఆ మురికి నీళ్ళ పెట్టె ఎండాకాలంలో ఒక్క రోజుకే కంపు కొడుతుంది. రోజూ పారబోసి కడగండి. కింద గుడ్డ ఆనే పళ్ళెంలో బురద గట్టిపడకముందే వారానికోసారి టూత్ బ్రష్‌తో రుద్దండి. చెత్తను సంచిలోకి లాగే డాక్ అయితే, సంచి నిండకపోయినా పెట్టె ఖాళీ కావడం లేదంటే మధ్య గొట్టంలో జుట్టు ఉండ ఉన్నట్టే. చాలా వాటిలో గొట్టం మూత స్క్రూలతో ఊడుతుంది.

బ్యాటరీ, చార్జింగు

డాక్ మీదా, యంత్రం అడుగునా ఉన్న రెండేసి లోహపు పట్టీలు నల్లబడితే చార్జింగు సరిగా ఎక్కదు. డాక్ ప్లగ్గు తీసి, పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. మరక పోకపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడిని దులపండి.

లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. డాక్‌ను ఎండ పడే బాల్కనీ తలుపు దగ్గరా, ఫ్రిజ్ వెనకా పెట్టకండి. సంక్రాంతికి వారం పది రోజులు ఊరెళితే డాక్ మీదే ఉంచినా ఇబ్బంది లేదు. నెలల తరబడి ఇల్లు మూస్తుంటే సగానికి పైగా చార్జి ఉండగా స్విచ్ కట్టేసి, చల్లటి చోట పెట్టి వెళ్ళండి. పూర్తిగా ఖాళీ బ్యాటరీతో వదిలేస్తే తిరిగొచ్చాక అది లేవకపోవచ్చు. కరెంటు లేనప్పుడు డాక్ సంకేతం ఇవ్వదు, కాబట్టి యంత్రం దారి తెలియక ఇల్లంతా వెతికి మంచం కింద సొమ్మసిల్లుతుంది. వేసవిలో కోత వేళలు చూసుకుని సమయం పెట్టుకోండి.

రెండు మూడేళ్ళు రోజూ వాడాక నడక సమయం సగానికి పడిపోవడం సహజం. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టేజీ, కనెక్టరు ఆకారం రెండూ సరిచూసుకోండి. ఉబ్బిన బ్యాటరీని ఇంక చార్జి చేయకండి, తడి-పొడి చెత్తబుట్టల్లోనూ వేయకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే వాళ్ళకే ఇవ్వాలి.

నడిపే ముందు రెండు నిమిషాలు

నేల మీద చార్జరు తీగలు, పట్టీలు, పిల్లల సాక్సులు, చాప అంచు నుంచి వేలాడే దారాలు తీసేయండి. యాప్‌లో గడప దగ్గర ముగ్గు చోటునూ, పూజ గదినీ వెళ్ళకూడని ప్రాంతాలుగా గీయండి. పూజ గది విషయంలో కారణం భక్తి ఒక్కటే కాదు: ఆరని అగరుబత్తి కొస, కర్పూరం నిప్పు ధూళి పెట్టెలోకి పోతే అక్కడున్నది ఎండు జుట్టు, కాగితపు ఫిల్టర్. దోమల చుట్ట బూడిదకూ ఇదే మాట. నేల తడిగా ఉన్నప్పుడు ఊడ్చే పని పెట్టకండి. ఇంట్లో కుక్కపిల్లో, ఇంకా టాయిలెట్ అలవాటు పడని పసిబిడ్డో ఉంటే మీరు లేనప్పుడు అసలు నడపకండి. ఆ మలమూత్రాలను యంత్రం నేలంతా పులిమి వచ్చాక మీరు కడగవలసింది ఒక్క చోటు కాదు, చక్రాలు తిరిగిన ప్రతి గదీ.

విడిభాగాలు కొన్న రోజే వాటి మీద బాల్‌పెన్నుతో తేదీ రాయండి. ఫిల్టర్ చట్రం అంచున ఆ మాత్రం చోటుంటుంది. నా దగ్గరున్న రెండింటిలో ఒకదాని మీద ఉగాది అనీ, రెండోదాని మీద వినాయక చవితి అనీ రాసి ఉంది. తేదీల కంటే నాకు పండగలే గుర్తుంటాయి.